వంకర కొమ్ములకు ఏ స్కోరు మేలు: టిపికలా, నాన్‌టిపికలా?

విస్కాన్సిన్‌లో ఉంటున్న మా బావమరిది లైసెన్సు తీసుకుని విల్లుతో ఒక వైట్‌టెయిల్ మగ జింకను కొట్టాడు. కొమ్ములు 60 రోజులు ఆరనిచ్చి (అంతకుముందు కొలిస్తే అధికారికంగా చెల్లదు) తనే టిపికల్ (మామూలు ఆకారపు కొమ్ముల) పద్ధతిలో కొలుచుకుని, "బావా, 132 వచ్చింది, ఇంత పెద్ద కొమ్ములకు ఇంతేనా?" అని తిరుపతికి ఫోన్ చేశాడు, గొంతులో దిగులు తెలుస్తోంది. వీడియోలో చూస్తే కుడి కొమ్ము అడుగు నుంచి ఒక మొన చింతకాయలా వంగి కిందికి దిగింది, ఎడమ వైపు రెండు మొనలు పక్కకి పొడుచుకొచ్చాయి. నేను జువాలజీ చెప్పేవాణ్ణి. లెక్క సరిగానే ఉంది, ఎంచుకున్న పద్ధతే దానికి తగింది కాదు.

అలిపిరి నడకదారిలో జింకల పార్కు దగ్గర మగ దుప్పిని చూసే ఉంటారు, మామూలుగా కొమ్ముకు మూడు మొనలు. (మన దగ్గర రాలిన కొమ్ము దొరికినా ఇంటికి తెచ్చుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.) వైట్‌టెయిల్‌కి అసలు కొమ్మ ముందుకు వంగి, దాని పైఅంచు నుంచి పాయలు నిటారుగా లేస్తాయి. పక్కల నుంచి, అడుగు నుంచి, పాయ మీద పాయగా పుట్టినవే వంకర మొనలు. కొమ్ము లేతగా ఉన్నప్పుడు దెబ్బ తగిలినా ఇలా అవుతుంది.

అమెరికాలో వేట రికార్డులు రాసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పద్ధతిలో కొమ్మల పొడవు, పాయల పొడవు, ఒక్కో వైపు నాలుగు చుట్టుకొలతలు, లోపలి వెడల్పు కలిపి, రెండు వైపుల మధ్య తేడా తీసేస్తారు. ఇక్కడిదాకా టిపికల్, నాన్‌టిపికల్ (వంకర మొనలున్న కొమ్ముల) రెండిటికీ ఒకటే లెక్క. వంకర మొనల పొడవును టిపికల్‌లో తీసేస్తారు, నాన్‌టిపికల్‌లో కలుపుతారు. మావాడి కొమ్ములకు మొత్తం 160, తేడాలు 6, వంకర మొనలు 22 అంగుళాలు. టిపికల్ అయితే 132, నాన్‌టిపికల్ అయితే 176.

అయితే ఎక్కువ వచ్చిందని సరిపోదు, గీత కూడా చూడాలి. విల్లు వేట రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్ కనీస స్కోరు టిపికల్‌కు 125, నాన్‌టిపికల్‌కు 155. గీతల మధ్య 30 తేడా, టిపికల్‌లో పోయే వంకర మొనల పొడవు నాన్‌టిపికల్‌లో కలుస్తుంది గనుక రెట్టింపు లాభం, కాబట్టి వంకర మొనలు 15 అంగుళాలు దాటితే నాన్‌టిపికలే మేలు. మావాడిది నాన్‌టిపికల్‌లో గీతకు 21 పైన ఉంది, టిపికల్‌లో 7 మాత్రమే. వంకర మొనలు మొత్తం నాలుగైదు అంగుళాలే ఉంటే మాత్రం టిపికల్‌లోనే ఉంచండి. ఎస్‌సీఐ (సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ అనే మరో వేట క్లబ్) వాళ్లు తేడాలు తీసెయ్యరు, జింక మోసినదంతా లెక్కకొస్తుంది, నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది, కానీ అది వేరే రికార్డు.

టేపు విషయంలో మాత్రం రెండో మాట లేదు. దర్జీ టేపు సాగుతుంది, పావు అంగుళం వెడల్పున్న స్టీలు టేపే వాడాలి, కొమ్మలకు పాయలకు సన్నని స్టీలు కేబుల్ కూడా పనికొస్తుంది. అంగుళంలో ఎనిమిదో వంతు దాకా చూడాలి. మొన కనీసం అంగుళం పొడవు ఉంటేనే మొన. ఆ చింతకాయ మొనను మావాడు మొదట్లో కొమ్మ మందంతో సహా కొలిచాడు, కొమ్మ అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి అక్కడి నుంచి చివరిదాకా మళ్ళీ కొలిస్తే ముప్పావు అంగుళం తగ్గింది. ఆ తగ్గిన కొలతనే రాసుకోమన్నాను.