బాల్ పైథాన్ పెట్టెలో వేడి, తేమ: హనుమకొండలో నాలుగేళ్ల వాడకం

2021 ఆగస్టులో మా ఇంటికి బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ వచ్చినప్పుడు నేను కొన్న సామగ్రి ఇది: జాలీ మూత ఉన్న గాజు తొట్టి, దాని అడుగున అంటించే హీట్ మ్యాట్, ముల్లుతో తేమ చూపే గుండ్రటి మీటరు, వేడిని బట్టి కరెంటు ఇచ్చే, ఆపే డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్ (కోడిపిల్లల ఇంక్యుబేటర్లకు వాడే రకం). వీటిలో నాలుగేళ్ల తర్వాత కూడా వాడుకలో ఉన్నది కంట్రోలర్ ఒక్కటే. మిగిలినవి చెడిపోయినందువల్ల కాదు, మా అవసరానికి పనికిరానందువల్ల పక్కన పెట్టాను.

పశ్చిమ ఆఫ్రికాకు చెందిన ఈ పాము పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో గడిపి రాత్రి బయటికి వస్తుంది. పెట్టెలో ఒక వైపు 31 నుంచి 33 డిగ్రీలు, మరో వైపు 25 నుంచి 27 డిగ్రీలు, తేమ 55 నుంచి 65 శాతం ఉండాలి; కుబుసం విడిచే రోజుల్లో తేమ 70 దాకా పెంచాలి. అమ్మకానికి దొరికే సామగ్రి అంతా చలిదేశాల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినట్టు ఉంటుంది. మా గదిలో వేడి పరికరం అవసరమయ్యేది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే; మిగతా ఏడాదంతా అసలు సమస్య తేమ, ఆపైన వేసవి ఎండ.

మొదటి చలికాలంలో కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, ఒక కంటి మీద పొర అలాగే ఉండిపోయింది. మీటరు మాత్రం నిశ్చింతగా 60 చూపుతున్నది. అనుమానం వచ్చి, ఒక సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా తడి ముద్దలా అయ్యేంత నీళ్లు మాత్రమే కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రోజు మూసి ఉంచాను. అలా మూసిన డబ్బాలో తేమ దాదాపు 75 శాతం వద్ద నిలుస్తుంది. నా మీటరు 91 చూపింది. ముల్లు మీటర్లను నేను ఎవరికీ సిఫారసు చేయను; డిజిటల్ మీటరు కొన్నా ఏడాదికి ఒకసారి ఈ ఉప్పు పరీక్ష చేయవలసిందే.

మీటరు తప్పు ఒకటైతే, వేడి పెట్టగానే తేమ శాతం పడిపోతుందన్న సంగతిని నేను లెక్కలోకి తీసుకోకపోవడం మరొకటి. 25 డిగ్రీల వద్ద 60 శాతం తేమ ఉన్న గాలిని నీళ్లేమీ చేర్చకుండా 32 డిగ్రీలకు వేడి చేస్తే ఆ 60 కాస్తా 40 అవుతుంది. పైగా జాలీ మూత నుంచి ఆ వేడి గాలి పైకి పోతూనే ఉంటుంది. రోజూ స్ప్రే కొట్టడం వల్ల అరగంట సేపు అంకె పెరిగి మళ్లీ మొదటికి వచ్చేది. కోకోపీట్‌ను (కొబ్బరి పీచు పొడి) నాలుగంగుళాల మందాన పరిచి, పైపొర పొడిగానే ఉండేలా మూలల్లో నీళ్లు పోయడం, గాజు తొట్టి తీసేసి పీవీసీ బోర్డుతో 4 అడుగుల పెట్టె చేయించుకోవడం, ఈ రెండు పనులతో తేమ నిలిచింది. ఆ తర్వాత ఇప్పటి వరకు కుబుసం తల నుంచి తోక దాకా ఒకే తొడుగులా వస్తున్నది.

ఇక కంట్రోలర్ విషయం. 2022 జనవరిలో దాని ప్రోబ్‌ను, అంటే వేడిని కొలిచే తీగ కొసను, తొట్టి లోపల నేల మీద టేపుతో అంటించాను. పాము దాన్ని నెట్టేస్తే అది చల్లని వైపు పడింది; అక్కడి అంకె చూసి కంట్రోలర్ మ్యాట్‌ను ఆపకుండా నడిపింది. పొద్దున ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే నేల 46 డిగ్రీలు ఉన్నది, పాము పొట్ట కింది పొలుసులు రెండు ఎర్రబడ్డాయి. (కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన థర్మామీటర్లు దీనికి పనికిరావు, వాటి అంకెలు శరీర ఉష్ణోగ్రత చుట్టుపక్కలకే పరిమితం.) ఈ తప్పు పరికరానిది కాదు, నాది. పాము చర్మానికి టేపు అంటుకునే ప్రమాదం కూడా ఉన్నది కనుక ఇప్పుడు పెట్టె గోడకు రంధ్రం చేసి, ప్రోబ్‌ను క్లిప్పులతో బిగించాను. పీవీసీ అడుగు గుండా మ్యాట్ వేడి సరిగా ఎక్కదు కాబట్టి చలికాలంలో పైన వెలుతురు లేని సిరామిక్ హీటరు వాడుతున్నాను. దాని చుట్టూ ఇనుప జాలీ తప్పనిసరి.

ఈ కంట్రోలర్‌లో వేడికి ఒకటి, చల్లదనానికి ఒకటి, రెండు రిలేలు (దానంతట అవే పనిచేసే స్విచ్చులు) ఉంటాయి. రెండోది ఎందుకని మొదట అనుకున్నాను గానీ, వరంగల్ వేసవిలో అసలు అక్కరకు వచ్చింది అదే. ఏప్రిల్‌లో హీటరు ప్లగ్ తీసేసి, ప్రోబ్‌ను చల్లని వైపుకు మార్చి, రెండో రిలేకు గదిలోని కూలర్‌ను కలిపాను. 28 దగ్గర పెట్టి తేడా 2 ఇస్తే 30 డిగ్రీలకు కూలర్ తిరగడం మొదలవుతుంది, 28కి దిగితే ఆగుతుంది. మే నెల మధ్యాహ్నాల్లో బయట గాలిలో తేమ 20 శాతం దగ్గరికి పడిపోయినప్పుడు కూలర్ అటు వేడిని, ఇటు పొడిని రెండింటినీ సరిచేస్తుంది. మెడ విరిగిన పాత కుండను బోర్లించి, అంచున పాము దూరేంత కన్నం చేసి, పైన రోజూ కాస్త నీళ్లు చల్లుతాను. పాము ఎక్కువ సేపు ఉండేది అందులోనే. మా అమ్మ దాన్ని పుట్ట అంటుంది. జూన్ మొదట్లో మబ్బు పట్టి ఉక్కపోసే రోజుల్లో మాత్రం కూలర్ చేతులెత్తేస్తుంది. అప్పుడు పామును చిన్న డబ్బాలో పెట్టి ఏసీ ఉన్న గదిలోకి మార్చడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

వానాకాలంలో చేయవలసింది నీళ్లు పోయడం మానేయడం. 2023 జులై చివర నగరం వరద నీటిలో ఉన్నప్పుడు మాకు రెండు రోజులు కరెంటు లేదు, పెట్టెలో తేమ 90 దాటింది. తడి నేల మీద పొలుసులు కుళ్లుతాయి, చల్లని తడి గాలికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. కోకోపీట్ అంతా తీసేసి, ఆ వారమంతా వార్తాపత్రికలు పరిచి రోజూ మార్చాను.

చూసినవారు పామును ఇంట్లో పెంచవచ్చా అని అడుగుతారు కనుక ఒక మాట: మన కొండచిలువతో సహా ఇక్కడి పాములను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి అయినా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, నాది చేయించాను.

కంట్రోలర్ మీద నాకున్న భయం ఒక్కటే. ఇలాంటి వాటిలో రిలే కాంటాక్టులు అతుక్కుపోతే హీటరు ఆగదు, అంకె పెరుగుతున్నా అది ఏమీ చేయలేదు. అందుకే పోయిన డిసెంబరులో అలాంటిదే రెండోది కొని, వేరే ప్రోబ్‌తో 35 డిగ్రీల దగ్గర పెట్టి, హీటరుకు వెళ్లే కరెంటు మొదటి దాని తర్వాత దీని గుండా కూడా పోయేలా కలిపాను. ఇప్పటి వరకు అది ఒక్కసారి కూడా కరెంటు ఆపవలసిన అవసరం రాలేదు.