నాలుగేళ్లలో 11 పార్లర్ వోచర్లు: నా అనుభవం

2022లో ఉద్యోగానికని బెంగళూరు వచ్చి మారతహళ్లిలో దిగిన కొత్తలో మొదటి వోచర్ కొన్నాను, అంటే యాప్‌లో ముందే డబ్బు కట్టి తీసుకునే పార్లర్ డిస్కౌంట్ కూపన్. 999 రూపాయల ఫేషియల్ 399కే. వెళ్లాను, కోడ్ చూపించాను, చేయించుకుని వచ్చాను. ఆ నమ్మకంతో ఇప్పటిదాకా ఇంకో పది కొన్నాను. మొత్తం 11లో చెప్పిన ప్రకారం పని జరిగినవి 4. పైన డబ్బు కట్టించుకున్నవి 3. డబ్బు పూర్తిగా పోయినవి 2. గట్టిగా అడిగి వెనక్కి రాబట్టుకున్నవి 2. పార్లర్ ఆఫర్ చూడగానే వేలు 'బై నౌ' మీదకి వెళ్లే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నన్ను బాగా ఏడిపించింది మా చెల్లి పెళ్లప్పుడు కొన్నది. పెళ్లి మదనపల్లెలో, శ్రావణంలో. ఆషాఢంలోనే ఇద్దరికీ కలిపి ఫేషియల్, హెయిర్ స్పా, పెడిక్యూర్ ప్యాకేజీ 2,499కి తీసుకున్నాను. చెల్లి పది రోజుల ముందు నా దగ్గరికి వచ్చింది. ఫోన్ చేస్తే "ఈ వారం స్లాట్స్ లేవు మేడమ్" అన్నారు. మర్నాడు చేసినా అదే మాట. మూడో రోజు నా రూమ్మేట్ తన ఫోన్ నుంచి అదే పార్లర్‌కి కాల్ చేసి, వోచర్ సంగతి ఎత్తకుండా, ఇద్దరం వస్తాం అంది. "సాయంత్రం 5కి రండి మేడమ్" అన్నారు. నా పక్కనే కూర్చున్న చెల్లి ముఖం చిన్నబోయింది. డబ్బు ముందే కట్టినందుకు మాకు స్లాట్ లేదు, కట్టని మనిషికి ఉంది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇలా ఎందుకు చేస్తారో చాలా రోజుల తర్వాత బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక పార్లర్‌లో తెలిసింది. అక్కడ పని చేసే అమ్మాయి మా వైపే, పీలేరు. తెలుగు వినగానే మాట కలిసింది. "అక్కా, మీరు యాప్‌లో కట్టిన దాంట్లో వాళ్ల కమీషన్ పోగా మిగిలిందే మా ఓనర్‌కి వస్తుంది, అదీ వెంటనే రాదు. అందుకే ఖాళీ ఉన్నప్పుడే వోచర్ వాళ్లను పిలవమంటారు. మీతో పెద్ద ఫేషియల్ చేయిస్తేనే నాకు ఇన్సెంటివ్" అంది. అప్పటిదాకా "మీ స్కిన్ చాలా డ్రై అయింది, దీనికి మామూలు ఫేషియల్ పని చెయ్యదు" అని ప్రతిచోటా ఎందుకు అంటారో నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయిల మీద నాకు కోపం లేదు. రోజంతా నిలబడి పని చేస్తారు. నా కోపమంతా డబ్బు ముందే తీసుకుని, సమస్య రాగానే "మేం మధ్యలో వాళ్లమే, పార్లర్‌తో మాట్లాడుకోండి" అనే యాప్ మీద.

పైన కట్టించుకునే పద్ధతులు కూడా చెప్పాలి. నా జుట్టు నడుము దాకా ఉంటుంది. హెయిర్ స్పా వోచర్ భుజాల వరకు ఉన్న జుట్టుకేనని షరతుల్లో ఎక్కడో అడుగున రాసి ఉంది. తల తడిపాక ఆ మాట చెప్పి 600 అడిగారు. తడి తలతో లేచి ఎక్కడికి వెళ్తాం? కట్టాను. ఇంకోసారి 2024లో జీఎస్టీ పేరుతో దెబ్బ తగిలింది. నేను కట్టింది 799, అన్ని పన్నులూ కలిపి అని వోచర్ మీదే ఉంది. వాళ్లు మాత్రం మెనూ ధర 2,499 మీద 18 శాతం లెక్క వేసి 450 రూపాయల బిల్లు ఇచ్చారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పార్లర్ సేవల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది కాబట్టి, ఇప్పుడు ఎవరైనా 18 అంటే ఒప్పుకోకండి. బిల్లు ఏ మొత్తం మీద వేశారో కూడా చూడండి.

ఇక కోడ్ విషయం. "బుకింగ్ కన్‌ఫర్మ్ చేయాలి, కోడ్ చెప్పండి" అని ఫోన్‌లో అడిగితే ఒకసారి చెప్పేశాను. పది నిమిషాల్లో యాప్‌లో 'రిడీమ్డ్' అని వచ్చింది. పని జరగనే లేదు. వెళ్లిన రోజు పార్లర్‌కి తాళం. వాడేసిన వోచర్‌కి రీఫండ్ ఉండదని యాప్ వాళ్లు తేల్చేశారు. ఆ 1,199 పోయింది. అప్పటి నుంచి కుర్చీలో కూర్చుని, పని మొదలయ్యాకే కోడ్ చెప్తున్నాను.

చెల్లి పెళ్లి ప్యాకేజీ డబ్బు మాత్రం వదల్లేదు. యాప్ వాళ్లు మొదట వాలెట్‌లో వేస్తామన్నారు. నాకు వాలెట్ వద్దు, బ్యాంకు ఖాతాలోకే కావాలన్నాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. ఆ మాట రాసి వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. జవాబు రాకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కాల్ చేశాను. తెలుగులోనే మాట్లాడొచ్చు. కాల్ వివరాలు, స్లాట్ లేదన్న వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్లు ఇచ్చాను. తొమ్మిదో రోజు 2,499 ఖాతాలో పడ్డాయి. చెల్లికి ఫోన్ చేసి చెప్పేసరికి పెళ్లై నెల దాటింది.

ఇప్పుడు కొనేముందే పార్లర్‌కి ఫోన్ చేస్తాను. వోచర్ మీద వస్తానని ముందే చెప్పి, శనివారం టైమ్ ఇస్తారా, జుట్టు పొడవుకి ఎక్స్‌ట్రా ఉందా అని అడుగుతాను. ఇస్తామంటే ఆ మాట వాట్సాప్‌లో పెట్టమంటాను. ఈ మధ్య నలుగురిని అడిగితే ముగ్గురు తప్పించుకున్నారు. కుందలహళ్లిలో ఒకావిడ మాత్రం "శనివారం పదకొండున్నరకి రండి, పైన ఏమీ ఉండదు" అని మెసేజ్ పెట్టింది. వెళ్లాను, 699తోనే అయిపోయింది. పెద్ద ప్యాకేజీ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇప్పుడు వోచర్ లేకుండానే, మామూలు రేటు ఇచ్చి ఆవిడ దగ్గరికే వెళ్తున్నాను.