అసాయే యుద్ధరంగం మా బల్ల మీద: ఏడేళ్ల వాడకం తర్వాత

నల్గొండలో మా ఇంటి పైగదిలో, 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల బల్ల మీద, 1803 సెప్టెంబరు 23న బ్రిటిష్ ఈస్టిండియా కంపెనీకి, మరాఠా సింధియా సైన్యానికి మధ్య జరిగిన అసాయే యుద్ధాన్ని చిన్న బొమ్మల సైన్యాలతో ఏడేళ్లుగా ఆటగా ఆడుతున్నాము. బ్రిటిష్ సేనాపతి ఆర్థర్ వెల్లెస్లీ వైపు 74వ, 78వ హైలాండర్ పటాలాలు, ఐదు మద్రాసు సిపాయి పటాలాలు, గుర్రపు దళాలు ఉంటాయి. ఎదుట సింధియా కొలువులోని సేనాని పోల్‌మన్ నడిపిన పదాతి, దాని ముందు బారులు తీరిన ఫిరంగులు ఉంటాయి. ముప్పై మంది సైనికులకు ఒక బొమ్మ చొప్పున లెక్క వేసుకున్నాను. ఈ యుద్ధాన్నే ఎంచుకోవడానికి కారణం ఆ సిపాయిలే. ఉత్తరాదివారు సిపాయిని ‘తిలంగా’ అని పిలిచిన రోజులున్నాయి. ఆ మాటలో మన నేల పేరు ఉంది కనుక ఆ పటాలాలను నా చేతులతోనే తయారు చేయాలనుకున్నాను.

బొమ్మలన్నీ 1/72 స్కేలు మెత్తటి ప్లాస్టిక్‌వి. మనిషి ఎత్తు సుమారు 24 మిల్లీమీటర్లు. 28 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ బొమ్మలు చూడటానికి ఇంకా బాగుంటాయి, వాటి అతుకులు ప్లాస్టిక్ సిమెంటుతో గట్టిగా పడతాయి. కానీ నా ఖర్చుకు, నా బల్లకు చిన్నవే సరిపోయాయి. మెత్తటి ప్లాస్టిక్‌లో ఉన్న పెద్ద లోపం రంగు నిలవకపోవడం. మొదటి ఏడాది వేసిన పటాలంలో తుపాకుల మీద, బాయొనెట్ల మీద రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. ఆ తర్వాత బొమ్మలను సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను పలుచగా పూసి, దాని మీద యాక్రిలిక్ రంగులు, చివర మెరుపు లేని మ్యాట్ వార్నిష్ వేస్తున్నాను. అలా చేసిన బొమ్మల్లో ఐదేళ్ల నాటివి కూడా ఈనాటికీ చెక్కుచెదరలేదు. వంగిపోయిన బాయొనెట్‌ను వేడినీళ్లలో ముంచి, వేళ్లతో సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెడితే నిటారుగా నిలుస్తుంది.

మద్రాసు సిపాయి బొమ్మలు నాకు దొరకలేదు కనుక బ్రిటిష్ పదాతి బొమ్మలనే మార్చుకున్నాను. టోపీని కోసి, తలపై కాల్చిన గుండుసూదితో చిన్న రంధ్రం చేసి, దానిలో తీగముక్క గుచ్చి, ఆ తీగ చుట్టూ ఎమ్‌సీల్‌తో తలపాగా చుట్టాను. తీగ లేకుండా పెడితే ఎమ్‌సీల్ మెత్తటి ప్లాస్టిక్‌ను పట్టుకోదు, ఊడివస్తుంది. ఆ కాలపు సిపాయి ఎర్రకోటు కింద తొడల వరకే ఉండే పొట్టి లాగు వేసుకునేవాడు. కాబట్టి మోకాళ్ల పైనుంచి కిందివరకు ప్యాంటు మీద చర్మపు రంగు పూస్తే ఈ స్కేలులో కంటికి లోపం కనిపించదు. ఒక్కో పటాలానికి ఇరవై తలపాగాలు చుట్టాలి, అయిదు పటాలాలకు నూరు. ఆ నూరూ పూర్తవడానికి ఒక చలికాలం మొత్తం పట్టింది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం రంగుల పని పెట్టుకోవద్దు. మా ఊరి ఎండకు కుంచె మీదే రంగు ఆరిపోతుంది. తప్పనిసరైతే మూతగల డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్ పరిచి, రంగును ఆ కాగితం మీద వాడాలి.

నేలను తయారు చేయడంలో నేను పెద్ద పొరపాటు చేశాను. పానగల్ దారిలోని ఎర్ర చెల్క మట్టిని జల్లెడ పట్టి, బల్ల అంతా పరిచి, మన గుట్టల్లోని గుండ్ల లాగా రాళ్లు కూడా పేర్చాను. ఎంతో అందంగా వచ్చింది, కానీ అది అసాయే కాదు, నల్గొండ. అసాయే ఊరు మహారాష్ట్రలో జాల్నా వైపు, నల్లరేగడి నేలలో ఉంది. అక్కడి రాయి మన గ్రానైటు కాదు, బసాల్టు. పైగా సెప్టెంబరు చివర అంటే వానలు కురిసి పచ్చబడిన నేల. అందుకని అంతా గీకి తీసేశాను. అసలైన రేగడిమట్టినే తెచ్చి ఫెవికాల్‌లో కలిపి పూస్తే ఆరేకొద్దీ కుంచించుకుపోయి చేలగట్టులా బీటలు వారింది. చివరకు సన్నని ఇసుక అంటించి, నల్లగోధుమ రంగు వేసి, దాని మీద లేతరంగుతో డ్రై బ్రష్ చేసి (దాదాపు ఆరిన కుంచెతో పైపైన రుద్ది), రంపపు పొట్టుకు పచ్చరంగు పట్టించి చల్లాను. ఇది నిలిచింది.

గట్లకు థర్మాకోల్ వాడితే కోసినప్పుడు పూసలు రాలతాయి, స్ప్రే రంగు పడితే కరిగిపోతుంది. ఖర్చు ఎక్కువైనా ఎక్స్‌పీఎస్ షీటు (పూసలు లేని గట్టి ఫోమ్ పలక) మేలు, కత్తితో నున్నగా తెగుతుంది. దానికి కూడా స్ప్రే రంగు వద్దు. జొన్నచేలకు కొబ్బరిపీచు డోర్‌మ్యాట్‌ను ముక్కలు చేసి పెట్టాను, నిజమైన చేను లాగే కనిపిస్తుంది. అయితే రెండో ఏడాది ఆ ముక్కలకు చెదలు పట్టాయి; అప్పటినుంచి వాటిని ఇనుప ట్రంకు పెట్టెలోనే ఉంచుతున్నాను.

యుద్ధరంగంలోని కైత్నా నదికి పారదర్శక ఎపాక్సీ పోశాను. మూడేళ్లలో పసుపెక్కింది, కానీ వానాకాలపు బురదనీరు కాబట్టి అది నాకు లాభమే అయింది. పీపల్‌గావ్, వరూర్ గ్రామాలు నదికి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఉండటం చూసి, వాటి మధ్య నది దాటే రేవు తప్పక ఉంటుందని వెల్లెస్లీ ఊహించి సైన్యాన్ని దాటించాడు. అందుకే నది మీద రేవును ఎక్కడా గుర్తించకుండా ఆ రెండు ఊళ్లను మాత్రమే పెట్టాను. మొదటిసారి ఆడిన మా అక్క కొడుకు కాసేపు బల్ల చుట్టూ తిరిగి, “మామా, ఈ రెండూళ్లోళ్లు ఒకళ్లింటికొకళ్లు ఎట్ల పోతరు?” అని అడిగి, తన గుర్రపు దళాన్ని నేరుగా అక్కడికే నడిపాడు.

మళ్లీ మొదలుపెడితే బొమ్మలు ఇవే కొంటాను, నేలకు మొదటి నుంచే ఎక్స్‌పీఎస్ కొంటాను. ఇప్పుడు 1803లోనే నవంబరు 29న జరిగిన ఆర్గావ్ యుద్ధం కోసం మరో రెండు షీట్లు తెప్పించాను. ఈసారి ఇసుక అంటించే ముందే రంగు చూసుకుంటున్నాను.