మూడేళ్ళు దాటిన నా మొక్కల అక్వేరియం

నా అక్వేరియం 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. లెక్కకు 54 లీటర్లు. అడుగున మట్టి, లోపలి దుంగ, పైన వదిలిన ఖాళీ పోను నిజంగా ఉండేవి 40 లీటర్ల పైచిలుకు నీళ్ళు. నీళ్ళు పోసి మూడేళ్ళు దాటింది. మధ్యలో ఒక్కసారి కూడా మొత్తం ఖాళీ చేసి కడగలేదు, ఆ అవసరమూ రాలేదు. ప్లాస్టిక్ మొక్కలు కాకుండా బతికున్న మొక్కలు పెంచాలనుకునేవాళ్ళ కోసం, ఇందులో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో రాస్తున్నాను.

ముందు సైజు సంగతి. చిన్నదైతే సులువని చాలామంది గాజు గిన్నెతో మొదలుపెడతారు. నిజానికి నీళ్ళు ఎంత తక్కువుంటే పని అంత కష్టం. తినకుండా మిగిలిన మేత గిన్నెలో ఒక్క రాత్రిలో నీళ్ళను పాడుచేస్తుంది. అదే మేత 50 లీటర్లలో పడితే మర్నాడు చూసి తీసేయడానికి మనకు టైము దొరుకుతుంది. బరువు మాత్రం మర్చిపోకండి. నీళ్ళు, మట్టి, గాజు కలిపి నాది 60 కిలోలు దాటుతుంది. గట్టి బల్ల కావాలి, నాలుగు మూలలూ ఒకే ఎత్తులో ఉండాలి. నేను తొట్టె కింద పలచటి ఫోమ్ షీటు కూడా పరిచాను.

మొదటి ఐదు వారాలు ఇందులో ఒక్క చేప కూడా లేదు. ఇంట్లోవాళ్ళు రోజూ అడిగేవారు, చేపలెప్పుడని. ఆ ఎదురుచూపే ఈ తొట్టెకు పునాది అని ఇప్పటికీ నమ్ముతాను. చేపల విసర్జన, మిగిలిన మేత, రాలిన ఆకు, ఇవన్నీ కుళ్ళి అమ్మోనియా అవుతాయి. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. మూడోది అంత ప్రమాదం కాదు, పైగా మొక్కలకు ఆహారం. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, మట్టిలో, ఆకుల మీద కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను వాడిన అక్వేరియం మట్టి మొదట్లో తనే అమ్మోనియా వదులుతుంది కాబట్టి విడిగా ఏమీ వేయలేదు. ఇసుకతో మొదలుపెట్టేవాళ్ళు రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండాలి. చుక్కల టెస్ట్ కిట్‌తో రెండు రోజులకోసారి చూసేవాడిని. మొదటి వారంలో అమ్మోనియా పెరిగింది, మూడో వారంలో నైట్రైటు, ఐదో వారంలో రెండూ సున్నాకు వచ్చి అక్కడే ఆగాయి. అప్పుడు తెచ్చాను ఎనిమిది ఎంబర్ టెట్రా అనే చిన్న చేపలను.

నాలుగు నెలలు బాగా నడిచాక పెద్ద పొరపాటు చేశాను. ఫిల్టర్ స్పాంజి జిగటగా, గోధుమ రంగులో కనిపించింది. మురికి అనుకుని కుళాయి కింద పెట్టి కొత్తదానిలా తెల్లగా వచ్చేదాకా పిండాను. కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుందని చదివే ఉన్నాను, ఆ నిమిషానికి గుర్తు రాలేదు. రెండో రోజు సాయంత్రానికి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. టెస్ట్ చేస్తే అమ్మోనియా కనిపించింది. నాలుగు రోజులు రోజూ సగం నీళ్ళు మార్చాను. ఆరు బతికాయి, రెండు పోయాయి. ఆ రెంటినీ తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే, బకెట్లో వేసి, రెండు మూడుసార్లు నొక్కి తీసేస్తాను. నీళ్ళు ధారాళంగా పారితే చాలు, తెల్లగా రానక్కర్లేదు.

కొత్తగా పోసే నీళ్ళకు కూడా ఇదే జాగ్రత్త. రాత్రంతా బకెట్లో నిలవబెడితే క్లోరిన్ చాలావరకు పోతుంది, క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపిన నీళ్ళైతే మాత్రం అలా పోదు. అందుకే డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను విరిచే మందు) చుక్కలు వేయకుండా ఒక్క మగ్గు కూడా పోయను.

ఇక లైటు. కొన్న సామాన్లలో దేనికి ఎక్కువ మార్కులు వేస్తానంటే టైమర్‌కే. మొదట్లో చూడ్డానికి బాగుందని రోజుకు పది గంటలు లైటు వేసి ఉంచేవాడిని. మూడో వారంలో గాజుకు గోధుమ రంగు పొడి పట్టింది. అది డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు, కొత్త తొట్టెల్లో మామూలే, తుడిస్తే కొన్నాళ్ళకు దానంతటదే తగ్గుతుంది. దాని తర్వాత వచ్చిన నల్లటి కుచ్చుల నాచే నన్ను ఏడిపించింది. అనూబియాస్ అనే మొక్క ఆకుల అంచులకు పట్టుకుని వేలితో రుద్దినా ఊడదు. నేను ఒకే వారంలో లైటు తగ్గించి, ఎరువు ఆపి, మందు కొట్టి, ఫిల్టర్ మార్చాను. దేనివల్ల ఏం జరిగిందో అర్థం కాలేదు, నాచు పోలేదు. తర్వాత ఒక్కటే మార్చి మూడు వారాలు చూడటం అలవాటు చేసుకున్నాను. లైటు ఆరు గంటలకు కుదించాను, నాచు పట్టిన ఆకులు కత్తిరించేశాను, త్వరగా పెరిగే హార్న్‌వర్ట్ మొక్క వేశాను. రెండు నెలల్లో కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి.

మొక్కల్లో అనూబియాస్, జావా ఫెర్న్ మూడేళ్ళుగా ఉన్నాయి. రెంటికీ అల్లం కొమ్ములాంటి లావు కాడ ఉంటుంది. దాన్ని మట్టిలో పూడిస్తే కుళ్ళిపోతుంది, దుంగకు దారంతో కడితే వేళ్ళు వాటంతటవే పట్టుకుంటాయి. నాకు ఎక్కువ నేర్పింది మాత్రం క్రిప్టోకోరైన్. నాటిన పదిరోజుల్లో ఆకులన్నీ గాజుముక్కల్లా పారదర్శకమై కరిగిపోయాయి. చచ్చాయనుకుని కుడివైపువి పీకేశాను. ఎడమవైపువి దుంగ వెనక ఉండటంతో చేయి పెట్టలేక వదిలేశాను. నెల తిరిగేసరికి అక్కడి నుంచే కొత్త ఆకులు లేచాయి. కొత్త నీళ్ళకు అలవాటు పడేటప్పుడు ఈ మొక్క పాత ఆకులు వదిలేస్తుంది, వేరు బతికే ఉంటుంది. ముందు తెలిసుంటే ఆ కుడివైపు మొక్కలు నాకు ఉండేవి. ముందుభాగంలో పచ్చికలా పరుచుకోవాలని వేసిన హెయిర్‌గ్రాస్ పలచగా నాలుగు పోచలు వేసి ఆగిపోయింది. అలా పరుచుకోవాలంటే గట్టి లైటు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ రెండూ ఉంటే మంచిది. నేను పెట్టలేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. తక్కువ లైటు, నెమ్మదిగా పెరిగే మొక్కలు, నాకు ఈ జోడీ బాగా కుదిరింది.

చెర్రీ రొయ్యలు పది వేస్తే ఇప్పుడు లెక్క అందడం లేదు. మెత్తటి నాచు వాటికి మంచి మేత. ఒక్క హెచ్చరిక: చేపల మందుల్లో కొన్నింట్లో రాగి ఉంటుంది, అది రొయ్యలను చంపుతుంది, సీసా మీద చదివే వాడండి. నత్తలు మొక్కలతో పాటే వచ్చాయి. మేత తగ్గిస్తే అవీ తగ్గాయి.

ఇప్పుడు వారానికి అరగంట పని. పైపుతో 10 లీటర్లు తీసి, అంతే పోస్తాను. ఆవిరైన నీళ్ళకు బదులు పైనుంచి కొత్తవి పోస్తే సరిపోతుందనుకునేవాళ్ళున్నారు. ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు లోపలే ఉండి వారం వారం పేరుకుంటాయి. కాబట్టి మార్చక తప్పదు.

మూడేళ్ళకు మట్టిలో సారం తగ్గినట్టుంది, కొత్త ఆకులు పాలిపోతున్నాయి. మూడు నెలలకోసారి వేళ్ళ దగ్గర ఎరువు బిళ్ళలు గుచ్చుతున్నాను. దుంగ వెనక క్రిప్టోకోరైన్ చుట్టూ పిలకలు బాగా వచ్చాయి. ఈ వారం నీళ్ళు మార్చేటప్పుడు వాటిలో మూడు విడదీసి, అప్పట్లో పీకేసిన కుడి మూలలో నాటాలి.