విదేశంలో వాలంటీరుగా ఉండాలంటే ఏది మేలు: ఒకరింట్లోనా, అద్దె గదిలోనా, వాలంటీర్ల ఇంట్లోనా?

వీసా, టీకాలు, బ్యాగు బరువు. బయల్దేరే ముందు నెల రోజులూ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాం. ఎక్కడ ఉంటామన్న సంగతి దరఖాస్తు చివర్లో ఒక చిన్న గడిలో ఉంటుంది: కుటుంబంతో, విడిగా, తోటి వాలంటీర్లతో, ఏదో ఒకటి టిక్కు పెట్టమంటారు. నేనక్కడ అర నిమిషం కూడా ఆగలేదు. మూడోదానికి టిక్కు కొట్టి పంపించేశాను. ఆ తర్వాత ఏడాదిలో మూడు చోట్లా ఉండాల్సి వచ్చింది. అదే ఫారం ఇప్పుడు చేతికిస్తే ఎలా నింపుతానో చెబుతాను.

కొన్ని సంస్థల్లో ఈ ఎంపిక మన చేతిలో ఉండదు. 1961లో మొదలైన అమెరికా పీస్ కోర్‌లో వాలంటీరు గడువు సాధారణంగా 27 నెలలు. అందులో మొదటి మూడు నెలలు శిక్షణ. ఆ శిక్షణ రోజుల్లో చాలా దేశాల్లో స్థానిక కుటుంబంతోనే ఉంచుతారు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో పెట్టింది, కేంద్ర కార్యాలయం జర్మనీలోని బాన్‌లో ఉంది. వాళ్లు నెలనెలా జీవన భత్యం ఇస్తారు, ఇల్లు వెతుక్కునే పని మామూలుగా మనదే. యూరోపియన్ యూనియన్ నడిపే యూరోపియన్ సాలిడారిటీ కోర్ 18 నుంచి 30 ఏళ్ల వాళ్లను గరిష్ఠంగా ఏడాది దాకా తీసుకుంటుంది, వసతి బాధ్యత సంస్థదే, అది తరచుగా పదిమంది కలిసుండే ఇల్లే అవుతుంది. ఇవిగాక మన దగ్గరే రుసుము తీసుకుని పంపే కంపెనీలు బోలెడు. అలాంటి చోట అడగాల్సిన మొదటి ప్రశ్న, మనం కట్టే డబ్బులో మనకు చోటిచ్చిన వాళ్లకు ఎంత ముడుతుందని. దానికి నీళ్లు నమిలితే నేనైతే అక్కడితో ఆపేస్తాను.

వాలంటీర్ల ఇల్లు

దిగిన రాత్రికి దీన్ని మించింది లేదు. అర్ధరాత్రి దాటాక చేరాను. ఎవరో నిద్రకళ్లతో లేచి తలుపు తీసి, మంచం చూపించి, "వేడినీళ్ల స్విచ్ బాత్‌రూమ్ బయట ఉంటుంది, వెతుక్కోకు" అని చెప్పి వెళ్లి పడుకున్నాడు. ఆ ఒక్క ముక్కకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. మర్నాడు సిమ్ కార్డు, బ్యాంకు, నమోదు ఆఫీసు, అన్నింటికీ కిందటి నెలలోనే ఆ పనులు చేసుకున్నవాళ్లు పక్కనే ఉన్నారు. ఏ కిటికీ దగ్గర నిలబడాలో, ఏ కాగితానికి రెండు జిరాక్సులు కావాలో చెప్పారు. ఒంటరిగా అయితే వారం పట్టే పని రెండు రోజుల్లో తేలిపోయింది.

చిక్కు మూడో వారంలో తెలిసింది. ఇంట్లో ఎనిమిది మందిమి. ఫ్రిజ్‌లో ప్రతి డబ్బాకీ పేరు రాసిన చీటీ. హాల్లో ఎప్పుడూ ఇంగ్లీషే. బజారుకి నలుగురం కలిసి వెళ్తాం. అందులో భాష వచ్చినవాడు ఒక్కడు బేరమాడతాడు, మిగతా ముగ్గురం సంచులు పట్టుకుని నిలబడతాం. ఆరు వారాలూ నేను సంచే. ఆ ఇల్లు వదిలే నాటికి నాకొచ్చిన మాటలు నాలుగు: నమస్కారం, ఎంత, చాలు, థాంక్యూ. ఈ నాలుగింటితో మనిషి బతకొచ్చు, కానీ ఎవరితోనూ మాట్లాడలేడు.

ఇంకోటి కూడా ఉంది. రాత్రి భోజనాలయ్యాక మొదలయ్యే కబుర్లు. ఫలానా ఆఫీసులో మూడుసార్లు తిప్పారు, ఫలానా మీటింగు గంట ఆలస్యం, చివరికి అందరం కలిసి తేల్చే మాట "ఇక్కడివాళ్లు ఇంతే". 'కల్చర్ షాక్', అంటే కొత్త సంస్కృతిలో పడ్డప్పటి తికమక, అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన మానవ శాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ 1960లో అచ్చయిన వ్యాసంలో సరిగ్గా ఈ బైఠక్కే వర్ణించాడు. విదేశీయులంతా ఒకచోట చేరి ఆ దేశాన్నీ మనుషుల్నీ తిట్టుకుంటున్నారంటే, జబ్బు లక్షణం కనబడినట్టేనని. అది చదివాక కొంచెం సిగ్గేసింది. తిట్టుకోవడంలో హాయి ఉంది, కాదనను. ఎనిమిది మంది ఒకే హాల్లో ఉంటే ఆ హాయి ప్రతి రాత్రీ దొరుకుతుంది, అదే ఇబ్బంది.

వీడ్కోలు పార్టీల సంగతి సరేసరి. ప్రతి రెండు వారాలకీ ఒకరు వెళ్తారు, ఇంకొకరొస్తారు, మళ్లీ "నీ పేరేంటి, ఏం చేస్తావు" దగ్గర్నుంచి మొదలు.

నెల, నెలన్నర పని మీద వెళ్లేవాళ్లకి ఇదే సరైనది. అంతకు మించి ఉండేవాళ్లు దీన్ని బస్టాండులా వాడుకోవాలి: దిగడానికి మంచి చోటు, కాపురానికి కాదు.

ఒకరింట్లో

ఏడో వారంలో ఒక కుటుంబానికి మారాను. ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు, కోడలు, ఆరేళ్ల పిల్ల. నా గది వంటింటి పక్కనే. గోడకి అటుపక్క గిన్నె కింద పెట్టినా ఇటు వినబడేది.

భాష విషయంలో వేరే దేన్నీ దీనితో పోల్చలేం. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ లెక్క ప్రకారం ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకి సులువైన భాషలకే ఆరేడు వందల గంటల క్లాసులు కావాలి, అరబిక్, జపనీస్ లాంటి వాటికి రెండు వేలకు పైనే. వారానికి రెండు సాయంత్రాలు ట్యూషనుకి వెళ్లే మనిషి ఆ అంకె ఎప్పటికి చేరతాడు? ఇంట్లో మాత్రం గంటల లెక్క ఉండదు. పొయ్యి పక్కన చిన్న నోట్‌బుక్కు పెట్టుకున్నాను. పెద్దావిడ ఏ పని చేస్తే ఆ పని పేరు చెప్పేది: తరుగు, వడకట్టు, మూత పెట్టు, మాడిపోతోంది. నెల తిరిగేసరికి క్రియాపదాలన్నీ వంటింటివే వచ్చాయి. ఆఫీసు మీటింగులో "ఈ ప్రతిపాదనని ఇంకాస్త ఉడకనివ్వాలి" అన్నాను. అందరూ నవ్వారు, కానీ అర్థమైంది. పిల్ల ఇంకా మంచి టీచరు. పెద్దవాళ్లు మర్యాదకి మన తప్పులు వదిలేస్తారు. ఆరేళ్ల పిల్లకి ఆ మర్యాద తెలియదు.

అయితే ఇది హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మొదటి నెల మనం అతిథులం. ప్లేటు కడగనివ్వరు, వద్దన్నా మళ్లీ వడ్డిస్తారు. మనల్ని చూడ్డానికి చుట్టాలొస్తారు, వాళ్ల ముందు కూర్చుని నవ్వాలి. మూడ్ బాగోలేకపోతే ఆ ముఖం పెట్టుకోవడానికి చోటుండదు. ఎక్కడికెళ్తున్నావు, ఎప్పుడొస్తావు, ఆ ఫోన్‌లో ఎవరు. రాత్రి పది దాటి వస్తే పెద్దావిడ హాల్లో కుర్చీలో కునికిపాట్లు పడుతూ కనబడేది. ఒక్క మాట అనేది కాదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకునేది, అందుకే రెండోసారి ఆలస్యం చేయలేదు.

ఆ ఇంట్లో చేరిన ఐదో వారంలో ఒక పొద్దున కొళాయి సరిగ్గా కట్టకుండా బయల్దేరుతుంటే ఆవిడ గట్టిగా కేకేసింది. "నీళ్లు ఎవరు మోస్తారనుకున్నావ్?" మనవరాల్ని తిట్టే గొంతే అది. ఆఫీసుకెళ్లే దారంతా నవ్వుకుంటూ వెళ్లాను. ఆ సాయంత్రం నుంచి నా ప్లేటు నేనే కడుక్కున్నాను, ఎవరూ అడ్డు రాలేదు.

జ్వరం వచ్చిన రోజు సంగతి వేరే చెప్పాలి. పొద్దున పదవుతున్నా నా తలుపు తెరుచుకోలేదు. పది దాటిన రెండు నిమిషాలకి తట్టారు. పదింబావుకి నుదుటి మీద చెయ్యి. పదకొండుకి కొడుకు స్కూటరు మీద నేను, డాక్టరు దగ్గరికి.

ఒకరింట్లో చేరేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, గదికి లోపలి నుంచి గడియ ఉందా? ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఇందులో మొహమాటం వద్దు, లేకపోతే సంస్థ చేత పెట్టించండి. రెండోది, సంస్థ ఆ ఇంటికి నెలకి ఏమిస్తోంది, అందులో భోజనం కలిసిందా? నేను అడగలేదు. వాళ్ల మీద భారం వేస్తున్నానేమోనని రెండు నెలలు ఊరికే మథనపడి, కనబడిందల్లా కొనుక్కొచ్చాను. వాళ్లేమో ఈ మనిషికి మా ఇంటి తిండి సరిపోవడం లేదా అని బాధపడ్డారు. ఒక్క ప్రశ్నతో పోయేది.

సొంత గది

ఆ ఇంట్లో ఐదు నెలలు ఉన్నాక విడిగా గది తీసుకున్నాను. తాళం తిప్పి లోపలికెళ్లి, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా నేల మీద పడుకుని పైకప్పు చూస్తూ అరగంట గడిపాను. సొంత గదికి అనుకూలంగా ఇంతకన్నా పెద్ద వాదన నా దగ్గర లేదు, అవసరమూ లేదు.

ఆ అరగంట తర్వాత పనులు మొదలవుతాయి. అడ్వాన్సు, అద్దె కాగితం, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద, చెత్త ఏ రోజు తీసుకెళ్తారు. చాలా దేశాల్లో విదేశీయులు చిరునామా నమోదు చేసుకోవాలి. జర్మనీలో అయితే ఇల్లు మారిన రెండు వారాల్లోపే, అదీ ఇంటి యజమాని సంతకం చేసిన కాగితంతో. కాబట్టి అద్దె ఎంతని అడిగే ముందే ఆ సంతకం పెడతారా లేదా అడగండి. పెట్టనంటే గది ఎంత బాగున్నా వదిలేయడమే. తాగునీళ్లు నమ్మకం లేని చోట ఆ పూచీ కూడా ఇప్పుడు మనదే. నీళ్లు బాగా తెర్లాక ఒక నిమిషం చాలు, రెండు వేల మీటర్ల పైనున్న ఊళ్లలో మూడు నిమిషాలు మరగనివ్వాలి. ఇంతకు ముందు ఇవన్నీ ఎవరో చూసుకునేవారు, అవి పనులని కూడా మనకి తెలియదు.

పత్యం ఉన్నవాళ్లకి, రాత్రిళ్లు పనిచేసేవాళ్లకి, ఇద్దరుగా వెళ్లేవాళ్లకి మొదటి రోజు నుంచే ఇది నయం. మిగతావాళ్లకి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఉండే సమయమే గండం. పగలు పనుంటుంది, రాత్రి నిద్ర ఉంటుంది, ఆ మూడు గంటలే గడవవు.

ఇక్కడ పాత అధ్యయనం ఒకటి గుర్తొస్తుంది. నార్వేకి చెందిన సమాజ శాస్త్రవేత్త స్వెర్రె లీస్‌గార్డ్, ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ ఉపకార వేతనం మీద ఆ దేశం వెళ్లొచ్చిన 200 మంది పండితులతో మాట్లాడి 1955లో ప్రచురించాడు. ఆరు నెలల్లోపు ఉన్నవాళ్లూ, ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్లూ బాగానే ఇమిడారు. మధ్యకాలం ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. తర్వాత వచ్చిన పరిశోధనలు కొన్ని దీంతో ఏకీభవించలేదు, మొదటి రోజులే అన్నిటికన్నా కష్టమన్నాయి. ఎవరిది నిజమైనా నా విషయంలో లీస్‌గార్డే గెలిచాడు. కొత్త మోజు తీరిపోయి, లోతైన స్నేహాలు ఇంకా కుదరని ఏడో నెలలో, సరిగ్గా అప్పుడే నేను ఒంటరి గదికి మారాను.

ఆ గదిలోనూ ఓసారి జ్వరమొచ్చింది. రెండు రోజులు పడుకున్నాను, ఎవరికీ తెలియలేదు. మూడో రోజు ఆఫీసు నుంచి ఫోను. బీరువా తాళం చెవి నీ దగ్గరుందా అని.

ఇంతకీ ఏది?

భాష, డబ్బు, స్వేచ్ఛ, అన్నింటినీ పక్కపక్కన పెట్టి తూచొచ్చు. నేను మాత్రం ఇప్పుడు ఒక్కటే అడుగుతాను: పొద్దున పది దాకా నా తలుపు తెరుచుకోకపోతే ఎవరు గమనిస్తారు? వాలంటీర్ల ఇంట్లో ఎనిమిది మంది ఉన్నా, ఎవరి షిఫ్టు వాళ్లది, "బయటికెళ్లి ఉంటాడులే" అనుకుంటారు. అద్దె గదిలో గమనించేవాళ్లే లేరు. ఒకరింట్లో రెండు నిమిషాల్లో తట్టారు. ఆ తట్టే చెయ్యే ఎక్కడికెళ్తున్నావని కూడా అడుగుతుంది. రెండూ ఒకే చెయ్యి కాబట్టి ఒకటి ఉంచుకుని ఇంకోటి వదులుకోవడం కుదరదు.

ఏడాదికి వెళ్తుంటే నా ఫారం ఇలా నింపుతాను: దిగిన వారం పది రోజులు వాలంటీర్ల ఇల్లు, తర్వాత నాలుగు నెలలు కుటుంబం, ఆ పైన సొంత గది. కలుపుగోలు మనుషులకి కుటుంబం నప్పుతుందనీ, ముభావంగా ఉండేవాళ్లకి గది మంచిదనీ అంటుంటారు. నాకు సరిగ్గా తిరగేసి కనబడింది. కలుపుగోలు మనిషి గదిలో ఉన్నా వీధిలోకెళ్లి నలుగుర్ని సంపాదించుకుంటాడు. నాలాంటివాడు ఎవరో తలుపు తడితే తప్ప బయటికి రాడు.

సొంత గది మాత్రం ఆ కుటుంబానికి నడిచి వెళ్లేంత దగ్గర్లో వెతుక్కోవాలి. ఇది నాకు రెండో జ్వరం తర్వాత తట్టింది. ఊరవతల ఉన్న గది ఖాళీ చేసి, పెద్దావిడ ఇంటికి రెండు సందుల అవతల ఒకటి చూసుకుని, రెండో తాళం చెవి తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను. ఏమీ అడగకుండా కొంగున ముడేసుకున్నట్టు తన తాళాల గుత్తిలో కలిపేసింది.

తర్వాతి ఆదివారం ఒంట్లో బాగానే ఉంది, ఊరికే బద్ధకించి పడుకున్నాను. పదిన్నరకి తాళం తిరిగిన చప్పుడు. ముందు పిల్ల తొంగిచూసి, వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది: "నాయనమ్మా, బతికే ఉన్నాడు!"