పెరట్లో రాస్ప్‌బెర్రీ మేలా, మల్బరీ మేలా?

హన్మకొండలో పెరడున్నవాళ్లు రాస్ప్‌బెర్రీ మొక్క కొనాలని ముచ్చటపడుతున్నారు. మన దగ్గర అది బతికినా కాయడం కష్టం. ఎర్ర రాస్ప్‌బెర్రీకి ఏటా 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు కావాలి. మామూలు రకాల్లో మొదటి ఏడు కొమ్మ ఎదుగుతుంది, చలికాలం నిద్రపోతుంది, రెండో ఏడు కాసి ఎండిపోతుంది. వేరు నుంచి మళ్లీ పిలకలొస్తాయి. వరంగల్ చలి సంక్రాంతి దాటగానే తగ్గిపోతుంది, మే ఎండకు ఆకులు మాడిపోతాయి. మైసూర్ రాస్ప్‌బెర్రీ అంత చలి అడగదు గానీ, దానికీ కొండప్రాంతపు చల్లదనమే ఇష్టం.

మల్బరీకి ఈ తంటాలేవీ లేవు. పట్టుపురుగులు పెంచే రైతులను అడగండి, చెప్తారు. పెన్సిల్ మందం కొమ్మను జానెడు కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా తొలకరిలో గుచ్చితే చిగురిస్తుంది. కాపు అయ్యాక కొమ్మలు కత్తిరించి ఆకు దూస్తే, కొత్త చిగురుతోపాటే పిందె దిగుతుంది. పెట్టడానికి నా ఓటు దీనికే.

రుచిలో మాత్రం రాస్ప్‌బెర్రీదే పైచేయి. ఆ వాసన, ఆ పులుపు మల్బరీకి రావు. కోసినప్పుడు మధ్యలోని తెల్లటి మొన కొమ్మకే ఉండిపోయి, పండు చిన్న టోపీలా బోలుగా చేతికొస్తుంది. అందుకే తొందరగా చితికిపోతుంది, ఫ్రిజ్‌లోనూ ఎక్కువ రోజులు ఆగదు. తినాలనిపిస్తే గడ్డకట్టించిన ప్యాకెట్ కొనుక్కోండి. పీచు కూడా దాంట్లోనే ఎక్కువ, 100 గ్రాములకు సుమారు 6.5 గ్రాములు. విటమిన్ సి మాత్రం మల్బరీలో కాస్త ఎక్కువ.

ఆకుల సంగతి జాగ్రత్తగా చూడాలి. రాస్ప్‌బెర్రీ ఆకు కషాయం కాన్పు సులువు చేస్తుందని యూరప్‌లో నెలలు నిండేటప్పుడు తాగే అలవాటుంది. దానికి గట్టి ఆధారాలు లేవు, డాక్టరమ్మను అడగకుండా తాగొద్దు. ఆకులో వగరు ఎక్కువ కాబట్టి గొంతు నొప్పికి పుక్కిలించే వాడుకా ఉంది. మల్బరీ ఆకు టీ పిండిపదార్థాలు చక్కెరగా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది. షుగర్ గోలీలు వేసుకునేవాళ్లు దాంతోపాటు తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు, వాళ్లూ అడిగే తాగాలి.

జామ్‌కైతే మల్బరీలో గుప్పెడు వాక్కాయలు గింజ తీసి వేయండి. పులుపూ వస్తుంది, పెక్టిన్ ఉంటుంది కాబట్టి జామ్ బాగా గట్టిపడుతుంది. మిగిలిన వాక్కాయలు పప్పులోకో, పచ్చిమిర్చి తొక్కులోకో.