గులాబీ పురుగుకు లింగాకర్షక బుట్టలు: 32 కొన్నాను, 8 చాలు

ఐదుకు మూడు ఇస్తున్నా. ఆ మూడూ బుట్టకూ ఎరకూ. అమ్మిన అంగడికి మాత్రం సున్నా. పేరు రాయను, ఆదోనిలో మందుల అంగళ్లకు కొదవ లేదు, ఏదో ఒకటి అనుకోండి.

మాది నాలుగెకరాల నల్లరేగడి, వానే దిక్కు. ముందటేడు, పత్తి కాయలోకి దూరి గింజలు తినే గులాబీ పురుగు దెబ్బకు రెండో తీత పత్తి మార్కెట్‌కు తీసుకుపోతే, కొనేవాడు కుప్పలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి, పసుపు మరకల గుడ్డి పత్తిని నాయన ముందర విదిలించి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా రేటు తగ్గించేసినాడు. గొడవ పడి తగ్గించి ఉంటే నాయన ఇంత బాధపడేవాడు కాదు. అందుకే పోయిన ఖరీఫ్‌లో నేను ఈ బుట్టల మీద పడ్డా.

వస్తువు విషయానికొస్తే పెద్దగా ఏం లేదు. ప్లాస్టిక్ గరాటు, దానిమీద మూత, కింద పొడుగాటి పాలిథిన్ సంచి. మూత లోపల రబ్బరు బిరడా లాంటి ఎర గుచ్చాలి. ఆడ రెక్కల పురుగు రాత్రిపూట మగదాన్ని పిలవడానికి వదిలే వాసనను ఫ్యాక్టరీలో చేసి ఆ రబ్బరుకు పట్టిస్తారు. గాసిప్లూర్ అంటారు, 1973లో కనిపెట్టినారు. మనం ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ తెలీదు, మగ పురుగు మాత్రం చీకట్లో వెతుక్కుంటూ వచ్చి, మూత కింద తిరిగి తిరిగి అలిసిపోయి సంచిలోకి జారుతుంది. కట్టెకు కట్టి పైరు కంటే అడుగు ఎత్తున ఉంచాలి, పైరు పెరిగేకొద్దీ పైకి జరపాలి. ఇది నేను రెండుసార్లు మర్చిపోయినా, ఆ వారాల లెక్కలు నమ్మొద్దు.

ఇక అంగడాయన. "ఎకరాకు ఎనిమిది కట్టప్పా, ఇంక మందు కొట్టే పనే ఉండదు" అన్నాడు. బుట్ట, ఎర కలిపి ఒక్కోటి 60 రూపాయలు, 32 బుట్టలకు 1,920. పది రోజుల్లోనే సంచులు బరువెక్కినాయి. నేను పొంగిపోయి ఫోటో తీసి మా ఊరి వ్యవసాయ సహాయకురాలికి వాట్సాప్‌లో పంపితే, ఆమె అరగంటకు ఫోన్ చేసి, "అన్నా, ఇవి గులాబీ పురుగువి కావు, పొగాకు లద్దె పురుగువి, మీకు ఎర తప్పు ఇచ్చినారు" అనింది. అప్పుడు సరిగ్గా చూసినా. సంచిలో ఉన్నవి బొటనవేలి గోరంత, రెక్కల మీద తెల్ల గీతలు అడ్డదిడ్డంగా. గులాబీ పురుగు రెక్కలది వడ్లగింజ కంటే కాస్త పెద్దది, అంతే. బూడిద కలిసిన గోధుమ రంగు, వేలితో తాకితే పొడి రాలుతుంది. అంగడికి పోయి అడిగితే "వాసన వాసనే కదప్పా, ఏదైనా ఒకటే" అన్నాడు, విప్పిన ప్యాకెట్లు వాపసు తీసుకోనన్నాడు. వాసన వాసనే అయితే మగ పురుగులు దారి తప్పి ఎప్పుడో వంశం ఆరిపోయేది, అది వేరే సంగతి.

ఎరలు వేరే చోట మళ్లీ కొన్నా. ప్యాకెట్ మీద పురుగు పేరూ, తేదీ చూసి కొనండి, ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టండి, లద్దె పురుగు ఎర పట్టుకున్న చేత్తో దీన్ని పట్టుకోవద్దు. మూడు నాలుగు వారాలకు ఒకసారి మార్చాలి.

సరైన ఎర పెట్టినాక అసలు ఆట మొదలైంది. సెప్టెంబర్‌లో బుట్టకు రాత్రికి రెండు, మూడు. అక్టోబర్ మొదటి వారం ఐదు. తర్వాత వరసగా మూడు రాత్రులు 9, 11, 14. బుట్టకు ఎనిమిది చొప్పున మూడు రాత్రులు దాటితే జాగ్రత్త పడాలని లెక్క ఉంది కదా, ఆ పొద్దున నేనూ నాయనా చేను నాలుగు మూలల నుంచి 20 పచ్చి కాయలు తెచ్చి గడప మీద కూర్చొని కోసినాం. బయటికి నున్నగా, ఒక్క గాటు కూడా లేదు. లోపల మూడు కాయల్లో పురుగు. ఒకదాంట్లో ఇంకా తెల్లగానే ఉంది, నల్ల తల, పెద్దయ్యేకొద్దీ గులాబీ రంగొస్తుంది. గింజలోకి తలపెట్టి తింటా ఉంది. పదికి ఒకటి దాటితే మందు కొట్టాలి కాబట్టి ఆరోజే కొట్టినాం. మొత్తం సీజన్‌కు మూడుసార్లు కొట్టినాం, పక్క చేనోళ్లు బుట్టలు లేకుండా అందాజగా ఐదుసార్లు కొట్టినారు.

అంటే బుట్ట పని చేసినట్టే. కానీ అంగడాయన చెప్పిన పని కాదు. ఇది మందు కాదు, హాజరు పట్టీ. పడేవన్నీ మగవే, మిగిలిన ఒక్క మగది నాలుగు ఆడవాటితో కలిసి పోతుంది, గుడ్లు పెట్టేవి చేనులో హాయిగానే ఉంటాయి. పైగా మన చేనులో పట్టినా పక్క చేను నుంచి వస్తాయి. ఊరంతా కలిసి కడితే వేరే మాట. లెక్క కోసమైతే ఎకరాకు రెండు చాలు, నాలుగెకరాలకు ఎనిమిది. మిగతా 24 బుట్టలు కొట్టంలో ఉన్నాయి, కావాల్సినోళ్లు వచ్చి తీసుకుపోండి.

ఇప్పుడు నా కోపమంతా అంగడాయన ఇంకో మాట మీద. "బీటీకి పురుగు అలవాటు పడిపోయిందప్పా, కొత్త మందు కొట్టు." అందరూ ఇదే అంటారు. (బీటీ అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా మార్చిన పత్తి.) ఏ పురుగూ అలవాటు పడదు. బీటీ గింజ తిన్న పురుగు చచ్చిందా చచ్చిందే. కాకపోతే లక్షల్లో ఎక్కడో ఒకటి పుట్టుకతోనే తట్టుకునేది ఉంటుంది. మిగతావన్నీ చచ్చిపోతే చేనంతా దానిదే, దాని పిల్లలదే. మనమే ఎంపిక చేసి పెంచినట్టు, మంచి కోడెను విత్తనానికి ఉంచుకున్నట్టు. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, 2006లో రెండు విషాలున్నది వచ్చింది, 2010లో గుజరాత్‌లో మొదటి విషం గులాబీ పురుగు మీద పనిచేయట్లేదని తేలింది, ఇంకో ఐదేళ్లకు రెండోదీ అంతే.

దీనికి మందు మన చేతిలోనే ఉండింది, ఉచితంగా. పాత బీటీ సంచితో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ వచ్చేది గుర్తుందా, మామూలు పత్తి గింజలది? చేను చుట్టూ ఐదు సాళ్లు వేయమని దానిమీదే రాసుండేది. నాయన ప్రతి ఏడూ దాన్ని గట్టు మీద పారేసేవాడు, "పురుగుకు అన్నం పెట్టేదానికి భూమి యాడుంది" అని. ఊళ్లో అందరూ అంతే. నిజానికి అది పురుగుకు అన్నం పెట్టేదే, బీటీకి చచ్చే మెత్తని పురుగులు బతకాలనే. తట్టుకునే గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పిల్ల బీటీ మీద బతుకుతుంది. చుట్టూ మెత్తనివి వేలల్లో ఉంటే ఆ తట్టుకునే మొండిదానికి జోడీగా మెత్తనిదే దొరుకుతుంది, పిల్లలు ఒక వైపు గుణంతోనే పుట్టి బీటీ కాయలో చస్తాయి. ఆ ఐదు సాళ్లు లేకపోయేసరికి మొండిదానికి మొండిదే జోడీ అయింది. ఇప్పుడు ఆ గింజలు సంచిలోనే కలిపి ఇస్తున్నారు, పారేసే అవకాశం లేదు. నాయన లాంటోళ్లను చూసే చేసి ఉంటారు.

మరి పత్తినీ తినే శనగ పచ్చ పురుగు ఇలా బీటీకి ఎందుకు మొండిపడలేదని అడగొచ్చు. అది మన కందిలో, శనగలో, టమాటాలో అన్నిట్లో తింటుంది, దానికి బీటీ లేని చేన్లు కర్నూలు జిల్లా నిండా ఉన్నాయి, మెత్తనివి వాటంతటవే బతుకుతాయి. గులాబీ పురుగుకు పత్తి తప్ప దాదాపు ఇంకో ఇల్లు లేదు. దానికితోడు మనం వేసేది హైబ్రిడ్, అంటే రెండు రకాలు కలిపి పుట్టించింది, అందుకే ఒకే కాయలో కొన్ని గింజల్లో రెండు విషాలూ, కొన్నిట్లో ఒకటే, అక్కడక్కడా ఒక గింజలో ఏదీ ఉండదు. తట్టుకునేవి ఒక్కో విషాన్నీ విడివిడిగా దాటుకుంటూ పోయినట్టే.

అమెరికాలో అరిజోనా వైపు ఇదే పురుగును మొత్తానికే లేకుండా చేసి 2018లో ప్రకటించినారు. బీటీ ఒక్కటే చాల్లేదు, ఫీనిక్స్‌లో పురుగుల్ని పెంచి, పిల్లలు పుట్టకుండా చేసి, విమానాల్లోంచి చేన్ల మీద వదిలినారు. వాటికి తిండిలో ఎర్ర రంగు పెట్టేవాళ్లు, ట్రాపులో పడినదాన్ని నలిపితే ఎర్రగా ఉందంటే వాళ్లు వదిలింది, లేదంటే చేనుది. లెక్కపెట్టింది ఈ వాసన ఎరలతోనే. కాబట్టి వస్తువును తక్కువ చేయను, దాన్ని దేనికి వాడాలో చెప్పని అంగడినే తిడతా.

ఇంకో మాట ఆదోనోళ్లకు. జిన్నింగ్ మిల్లుల పక్క చేన్లున్నోళ్లు ముందే కట్టుకోండి, రెండు గింజలు అతికించుకొని వాటి మధ్యలో నిద్రపోయే పురుగు మిల్లు గింజల కుప్పల్లోంచి లేస్తుంది. మార్చి దాకా చేనులో పత్తి కట్టె పెట్టుకొని మూడో తీతకు ఆశపడే వాళ్లు (మా నాయనతో సహా) బుట్టల మీద డబ్బు పెట్టొద్దు, అన్నాళ్లూ పురుగుకు తిండి మనమే పెడుతున్నట్టు, దండగ.

ఈసారి ఎనిమిదే కట్టినాం. నాయన ఒప్పుకోడు కానీ ఆ లెక్క ఇప్పుడు ఆయనకు పిచ్చి పట్టింది, పొద్దున్నే నాకంటే ముందు పోయి సంచులు విప్పి చూసి, కొట్టం గోడ మీద సుద్దముక్కతో రాస్తాడు. నిన్న నాలుగు. ఈరోజు ఆరు.